సముద్రం వెంబడి సొంతంగా రోడ్ ట్రిప్: ప్లాన్ ఎలా వేసుకోవాలి

తీరం రోడ్డు మీద కార్లో వెళ్దామనుకున్నప్పుడు చాలామంది ముందు చూడాల్సిన చోట్ల జాబితా రాసుకుంటారు. తర్వాత హోటళ్లు బుక్ చేస్తారు. ఆఖర్న బండి సంగతి చూస్తారు. సముద్రం గురించి మాత్రం ఎవరూ ఆలోచించరు, అది ఎటూ పోదు కదా అని. నిజానికి ప్లాన్ అక్కడే మొదలవ్వాలి. రోడ్డుకి సముద్రం ఏ పక్కన ఉంటుంది, ఏ వేళకి ఎండ ఎటునుంచి పడుతుంది, నీళ్లు ఎప్పుడు వెనక్కి తీస్తాయి, ఎప్పుడు మీదికొస్తాయి. ఈ మూడూ తేల్చుకుంటే ఎటునుంచి బయల్దేరాలి, ఎక్కడ రాత్రి ఉండాలి, పొద్దున ఎన్నింటికి లేవాలి అన్నవి వాటంతటవే తేలిపోతాయి.

1. ముందు ఎంత ముక్క చూస్తారో తేల్చుకోండి

పేరున్న తీరం రోడ్లకి పొడవులో ఒకదానితో ఒకటి పొంతన ఉండదు. నార్వేలో 1989లో తెరిచిన అట్లాంటిక్ ఓషన్ రోడ్ 8 కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. చిన్న చిన్న దీవుల మధ్య 8 వంతెనల మీదుగా సాగుతుంది. ఆగకపోతే పది నిమిషాల్లో అయిపోతుంది. ఆస్ట్రేలియా గ్రేట్ ఓషన్ రోడ్ 240 కిలోమీటర్ల చిల్లర. స్కాట్లాండ్ ఉత్తర కొసని చుట్టివచ్చే నార్త్ కోస్ట్ 500 పేరులోని 500 మైళ్ల లెక్క; అసలు పొడవు 516 మైళ్లు, కిలోమీటర్లలో దాదాపు 830. ఐర్లండ్ పడమటి అంచు వెంట 2014లో మొదలుపెట్టిన వైల్డ్ అట్లాంటిక్ వే అయితే సుమారు 2,500 కిలోమీటర్లు.

చేతిలో వారం రోజులే ఉండి ఆ 2,500 కిలోమీటర్లూ చుట్టేద్దామనుకుంటే మీరు చూసేది ఐర్లండ్‌ని కాదు, ముందు పోతున్న బండి వెనక అద్దాన్ని. ఆ తీరం వేళ్లు చాచినట్టు సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. ఒక్కో ద్వీపకల్పం చుట్టిరావడానికే ఒక రోజు పడుతుంది. రెండు ద్వీపకల్పాలు ఎంచుకుని మిగతాది వదిలేయడమే మంచిది. ఇటు నార్వేలోని ఆ 8 కిలోమీటర్లకి మాత్రం సగం రోజు ఇవ్వొచ్చు. ఒకసారి అటు, ఒకసారి ఇటు నడపండి. ఎత్తుగా ఒంపు తిరిగే స్టోర్‌సైసుండెట్ వంతెన ఒక పక్కనుంచి చూసినట్టు రెండో పక్కనుంచి ఉండదు.

ముక్క ఎంచుకున్నాక మ్యాప్‌ని శాటిలైట్ వ్యూలో పెట్టి రోడ్డు మొత్తం వేలితో జరుపుతూ చూడండి. మామూలు మ్యాప్‌లో నీళ్లని ఆనుకుని కనిపించే గీత దగ్గరికెళ్తే ఇళ్ల వెనకగానో, ఇసుక దిబ్బల వెనకగానో పోతూ ఉండొచ్చు. గంటసేపు నడిపినా సముద్రం కనపడదు. అలాంటి భాగాల్ని పక్క హైవే మీద గబగబా దాటేయండి. మిగిలిన సమయం అసలైన చోట ఖర్చుపెట్టండి. కొన్నిచోట్ల కొత్త రోడ్డు సొరంగంలోంచి వెళ్లిపోతుంది, చూడదగ్గది పాత రోడ్డు మీద మిగిలిపోతుంది. కాలిఫోర్నియా హైవే 1 మీద డెవిల్స్ స్లైడ్ దగ్గర 2013లో సొరంగాలు తెరిచాక పాత కొండ అంచు రోడ్డుని నడిచేవాళ్లకీ సైకిళ్లకీ వదిలేశారు. సొరంగంలోంచి దూసుకుపోతే అది పక్కనే ఉందన్న సంగతే తెలియదు.

ఇంకో మాట. జీపీఎస్‌కి తీరం మీద ప్రేమేమీ ఉండదు. మొదలు, చివర మాత్రమే ఇస్తే త్వరగా చేరే లోపలి రోడ్డే చూపిస్తుంది. మధ్యలో తీరం మీది ఊళ్లని, వ్యూ పాయింట్లని స్టాప్‌లుగా పెట్టి దాన్ని సముద్రం వైపు లాగాలి. ఆ రూట్‌ని ముందే సేవ్ చేసుకుని, ఆ ప్రాంతం మ్యాప్‌ని ఫోన్‌లోకి ఆఫ్‌లైన్‌గా దింపుకోండి. కొండలు సముద్రంలోకి దిగే చోట సిగ్నల్ ఉండకపోవడం మామూలే.

2. సముద్రం మీ పక్కన ఉండేలా దిశ ఎంచుకోండి

మొత్తం ప్లాన్‌లో ఇదే పెద్ద నిర్ణయం. లెక్క మాత్రం చాలా సులువు. రోడ్డుకి ఎడమవైపు నడిపే దేశమైతే సముద్రం మీ ఎడమ చేతికి ఉండాలి. కుడివైపు నడిపే దేశమైతే కుడి చేతికి ఉండాలి. అప్పుడు మీకూ నీళ్లకీ మధ్య ఎదురొచ్చే బళ్లుండవు.

ఉదాహరణకి అమెరికాలో బళ్లు కుడివైపు నడుస్తాయి. కాలిఫోర్నియా తీరం పడమటి ముఖంగా ఉంటుంది. కాబట్టి ఉత్తరం నుంచి దక్షిణానికి, అంటే శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజెలిస్ వైపు నడపాలి. ఆస్ట్రేలియాలో ఎడమవైపు నడుపుతారు, సముద్రం దక్షిణాన ఉంటుంది. కాబట్టి గ్రేట్ ఓషన్ రోడ్‌ని టార్కీలో మొదలుపెట్టి పడమరకి వెళ్లాలి. ఐర్లండ్‌లో దక్షిణం నుంచి ఉత్తరానికి. ఇటలీలో అమాల్ఫీ తీరం మీద పడమర నుంచి తూర్పుకి, సొరెంటో వైపు నుంచి సలెర్నో వైపుకి. దీవినో ద్వీపకల్పాన్నో చుట్టేటప్పుడు ఇంకా తేలిక. ఎడమవైపు నడిపే చోట గడియారం ముల్లు తిరిగే దిశలో, కుడివైపు నడిపే చోట దానికి ఎదురుగా తిరిగితే చాలు, సముద్రం మొత్తం మీ పక్కనే ఉంటుంది.

ఇందులో కనువిందు కంటే ముఖ్యమైనది భద్రత. ఆగడానికి వేసిన ఖాళీ జాగాలు చాలావరకు సముద్రం వైపే ఉంటాయి. అవి మీ పక్కనే ఉంటే ఇండికేటర్ వేసి నెమ్మదిగా పక్కకి తీసుకోవడమే. రెండో పక్కన ఉంటే మలుపులో ఎదురు లేన్‌ని కోసుకుంటూ వెళ్లాలి, తిరిగి రోడ్డెక్కేటప్పుడూ అదే తంటా. రోజుకి పదిసార్లు ఆగే ట్రిప్‌లో ఇది చిన్న విషయమేమీ కాదు.

అయితే దీన్ని పక్కన పెట్టాల్సిన సందర్భాలూ ఉన్నాయి. బండిలో ఎవరికైనా ఎత్తులంటే భయముంటే కొండని ఆనుకుని పోయే లేనే నయం. కెనడాలో కేబట్ ట్రయిల్ అనే తీరం రోడ్డుని కొందరు కావాలనే గడియారం దిశలో తిరుగుతారు, లోయ అంచున ఉండే లేన్ తప్పుతుందని. ఇరుకు రోడ్ల మీద టూరిస్టు బస్సులు ఏ దిశలో తిరుగుతాయో కూడా కనుక్కోండి. ఐర్లండ్‌లో రింగ్ ఆఫ్ కెర్రీ చుట్టూ బస్సులు గడియారానికి ఎదురు దిశలో నడుస్తాయి. సముద్రం వైపు లేన్ కోసం మీరు గడియారం దిశలో వెళ్తే ఆ బస్సులన్నీ మీకు ఎదురొస్తాయి. వాటి దిశలోనే వెళ్తే గంటలకొద్దీ బస్సు వెనక పాకాలి. అవి ఇంకా బయల్దేరకముందే మీరు రోడ్డెక్కితే ఈ గొడవే ఉండదు. పక్కనే ఉన్న డింగిల్ ద్వీపకల్పంలో స్లే హెడ్ రోడ్డుని మాత్రం అందరూ గడియారం దిశలోనే తిరుగుతారు. అక్కడ తెలివితేటలకి పోకుండా అందరితోపాటే వెళ్లండి.

పక్క సీట్లో కూర్చున్నవాళ్లకి దక్కినంత సముద్రం నడిపేవాళ్లకి దక్కదు. లైసెన్స్ ఉన్నవాళ్లు ఇద్దరుంటే పూటకొకరు నడపండి. అద్దె బండి అయితే రెండో డ్రైవర్ పేరు కూడా కాగితాల్లో ఎక్కించాలి, లేకపోతే బీమా వర్తించదు.

3. ఎండ, పొగమంచు, సీజన్

నీళ్ల అసలు రంగు కనిపించాలంటే ఎండ మీ వీపు మీద పడుతూ ఉండాలి. ఎదురుగా ఉంటే సముద్రమంతా వెండి రేకులా మెరుస్తుందే తప్ప నీలం కనపడదు. దాన్నిబట్టి పడమటి తీరంలో నీళ్ల రంగు పొద్దునే బాగుంటుంది. కొండ ముఖాల మీద వెలుగు పడేది, సూర్యుడు సముద్రంలోకి దిగేది సాయంత్రం. తూర్పు తీరంలో ఇది తారుమారు. ఉత్తరార్ధగోళంలో దక్షిణం వైపు చూసే తీరాల్లో పగలంతా ఎండ సముద్రం మీది నుంచే వస్తుంది. అక్కడ పొద్దున్నే, సాయంత్రమే బయట తిరిగి మధ్యాహ్నం తిండికో నిద్రకో వాడుకోవడం మేలు.

వేసవి అనగానే ఆకాశం తేటగా ఉంటుందనుకోకండి. కాలిఫోర్నియా తీరంలో అడుగు నుంచి చల్లటి నీళ్లు పైకి ఉబికి వస్తాయి. వాటి మీదుగా వీచే తేమ గాలి చల్లబడి పొగమంచవుతుంది. జూన్, జులై నెలల్లో పొద్దున పూట కొండ మీంచి కిందికి చూస్తే తెల్లటి మంచు తప్ప ఏమీ కనపడని రోజులుంటాయి. సెప్టెంబర్, అక్టోబర్‌లో అక్కడ ఆకాశం ఎక్కువ తేటగా ఉంటుంది, జనం కూడా తగ్గుతారు. మీరు వెళ్లే తీరానికి పొగమంచు నెలలేవో, తుపాను నెలలేవో, పెద్ద సెలవులు ఎప్పుడో చూసుకుని వాటి అంచున ఉన్న నెల ఎంచుకోండి. జనం తక్కువ, దుకాణాలూ బసలూ ఇంకా తెరిచే ఉంటాయి.

సూర్యాస్తమయానికి ఇంకెంత టైముందో తెలియాలంటే చెయ్యి ముందుకి చాచి, నాలుగు వేళ్లనీ అడ్డంగా సముద్రపు గీతకీ సూర్యుడికీ మధ్య పెట్టి చూడండి. ఒక్కో వేలికి సుమారు పావుగంట. నాలుగు వేళ్లు పట్టాయంటే గంట ఉన్నట్టు. ధ్రువాలకి దగ్గరయ్యేకొద్దీ సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు కాబట్టి ఇంకా ఎక్కువసేపే పడుతుంది.

4. రోజుని గంటల్లో కొలవండి

మ్యాప్ చూపించే సమయం ఆగకుండా నడిపేవాడిది. తీరం రోడ్డు మీదికి వచ్చిందే ఆగడానికి. అందుకని ఇలా లెక్కేసుకోండి.

కాలిఫోర్నియాలో బిగ్ సర్ ప్రాంతాన్నే తీసుకుందాం. కార్మెల్ నుంచి శాన్ సిమియన్ దాకా సుమారు 145 కిలోమీటర్లు. ఆగకుండా నడిపితే రెండున్నర గంటలు. ముందు లారీయో క్యాంపర్ వ్యానో ఉంటే మూడు. కాసేపు నడిచి చూడాల్సిన పెద్ద స్టాప్‌లు రెండు పెట్టుకుంటే ఒక్కోదానికి గంట. దిగి చూసి ఫొటో తీసుకుని ఎక్కే చిన్న స్టాప్‌లు ఆరు, ఒక్కోటి పావుగంట. భోజనానికి గంట. పార్కింగ్ దొరక్క, రోడ్డు పనుల దగ్గర ఆగి పోయేది ఇంకో గంట. మొత్తం ఎనిమిదిన్నర గంటలు. 145 కిలోమీటర్లకే రోజు నిండిపోయింది.

ఘాట్ రోడ్డులా మెలికలు తిరిగే తీరంలో రోజుకి 150 కిలోమీటర్లు, చదునుగా ఉండే తీరంలో 250. నా దృష్టిలో అంతకి మించితే అది ప్రయాణమే అవుతుంది, చూడటం అవ్వదు. రెండు రోజులకొకసారి బండి కదపని పూట ఒకటి ఉంచుకోండి.

చీకటి పడే వేళకి బసకి చేరిపోవాలన్నది మాత్రం గట్టిగా పెట్టుకోండి. కొండ అంచు రోడ్డు మీద రాత్రి నడపడం ప్రమాదమన్నది ఒకటి. సముద్రం కనపడని చీకట్లో సముద్రం రోడ్డు మీద నడపడంలో అర్థం లేదన్నది ఇంకొకటి. పేరున్న వ్యూ పాయింట్లలో పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం మూడు, నాలుగింటి దాకా పార్కింగ్ దొరకదు. రోజులో అన్నిటికంటే ఎక్కువ చూడాలనుకున్న చోటుని పొద్దున ఎనిమిదింటికే పెట్టుకోండి. సోషల్ మీడియాలో అందరూ ఒకే కోణంలో తీసిన ఫొటో చోటుని జాబితాలోంచి తీసేసినా నష్టమేమీ లేదు. బిగ్ సర్‌లో 1932లో కట్టిన బిక్స్‌బీ వంతెన దగ్గర రోడ్డు మీదే బళ్లు ఆపేసి నిలబడే గుంపుని చూస్తే ఎందుకంటున్నానో తెలుస్తుంది. దాటి కొంచెం ముందుకెళ్తే అంతే బాగుండి ఎవరూ లేని మలుపులు ఎన్నో.

5. ఆటుపోట్ల పట్టిక చూడటం నేర్చుకోండి

హోటల్ బుకింగ్ కంటే ముందు తెరవాల్సింది ఇది. ఎందుకంటే కొన్ని చోట్లు రోజులో కొన్ని గంటలే ఉంటాయి. కెనడాలో బే ఆఫ్ ఫండీ ప్రపంచంలోనే ఎత్తైన పోటుకి పేరు. అక్కడ హోప్‌వెల్ రాక్స్ దగ్గర నీళ్లు తీసినప్పుడు రాతి స్తంభాల మధ్య సముద్రపు అడుగున నడుస్తారు. పోటు వచ్చాక అదే చోట పడవలో తిరుగుతారు. తప్పు వేళకి వెళ్తే సగమే చూసి వస్తారు.

ఫ్రాన్స్‌లో నువార్‌మూతియే దీవికి వెళ్లే పసాజ్ దు గ్వా అనే 4 కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు రోజుకి రెండుసార్లు పూర్తిగా మునిగిపోతుంది. నీళ్లు పూర్తిగా తీసే సమయానికి గంటన్నర ముందు నుంచి గంటన్నర తర్వాత దాకా మాత్రమే దాని మీద వెళ్లాలి. ఇంగ్లండ్‌లో లిండిస్‌ఫార్న్ దీవి రోడ్డు కూడా అంతే. అక్కడ సురక్షితంగా దాటే వేళల్ని ముందే ప్రకటిస్తారు. అయినా ‘ఇంకా ఇంతే కదా నీళ్లు’ అనుకుని దిగి, కారు వదిలేసి ప్రాణాలు దక్కించుకునేవాళ్లు ఏటా ఉంటూనే ఉంటారు.

పట్టిక చదవడానికి నాలుగు సంగతులు తెలిస్తే చాలు. చాలా తీరాల్లో ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందువల్ల ఇవాళ్టి వేళకి రేపు దాదాపు 50 నిమిషాలు కలపాలి. అమావాస్యకీ పౌర్ణమికీ దగ్గర్లో పోటు ఇంకా ఎత్తుకి వస్తుంది, ఆటు ఇంకా దూరం తీస్తుంది. సముద్రపు అడుగున నడవాలనుకుంటే ట్రిప్‌ని ఆ రోజులకి కలుపుకోండి. నీళ్లు ఒకే వేగంతో పెరగవు. మొదటి గంటలో కదిలినట్టే ఉండదు. మూడు, నాలుగో గంటల్లో మొత్తం ఎత్తులో సగం వచ్చేస్తుంది. మనుషులు కొండ వాలుకీ నీళ్లకీ మధ్య ఇరుక్కుపోయేది ఆ రెండు గంటల్లోనే. కాబట్టి బీచ్ మీద చుట్టూ తిరిగి కొండ మూలకి అవతలికి వెళ్లాలంటే, నీళ్లు ఇంకా తీస్తుండగానే బయల్దేరి, తిరగబడకముందే వెనక్కి రావాలి.

చిన్న మెలిక ఒకటుంది. వేసవిలో గడియారాన్ని గంట ముందుకి జరిపే దేశాల్లో కొన్ని పట్టికలు ఆ గంట కలపకుండానే అచ్చవుతాయి. పట్టిక కింద రాసిన చిన్న అక్షరాలు చదవండి. మధ్యధరా తీరంలో అయితే ఆటుపోట్లు నామమాత్రమే, ఈ బెంగ పెట్టుకోనక్కర్లేదు.

6. బసలు

మొదటి రాత్రి, చివరి రాత్రి, శని ఆదివారాలు, పెద్దగా ఊళ్లు లేని చోట్లు. ఇవి ముందే బుక్ చేసుకోండి. మిగతావి రద్దు చేసుకునే వీలుండేలా తీసుకోండి. రోజూ బస మార్చొద్దు. మధ్యలో ఒక ఊళ్లో రెండు మూడు రాత్రులుండి అక్కడినుంచి రెండు వైపులా తిరిగితే పెట్టెలు సర్దే పని తప్పుతుంది. పొగమంచు ఉన్న రోజు చూడాల్సినదాన్ని మర్నాటికి జరుపుకునే వీలూ ఉంటుంది. ఎలక్ట్రిక్ కారైతే రాత్రి చార్జింగ్ పెట్టుకునే బసలకే ముందు చూపు వెయ్యండి. ఎదురుగాలి గట్టిగా వీచే తీరంలో బ్యాటరీ కంపెనీ చెప్పినంత దూరం రాదు.

7. బండి, కాగితాలు

చిన్న బండి తీసుకోండి. ఇరుకు రోడ్డు మీద పెద్ద బండి ఇచ్చే సుఖం కంటే పెట్టే తంటా ఎక్కువ. స్కాట్లాండ్‌లో బెలక్ నా బా కనుమ రోడ్డు మొదట్లోనే పెద్ద బళ్లకీ కారవాన్లకీ ఇది తగదని బోర్డు ఉంటుంది. అమాల్ఫీ రోడ్డు మీద సీజన్లో నంబర్ ప్లేటు చివరి అంకె సరి, బేసిని బట్టి ఏ రోజు ఏ బండి వెళ్లాలో నియమం పెడతారు. అద్దె బండి తీసుకునే ముందు మీ తేదీలకి ఆ నియమం ఉందేమో చూసుకోండి.

ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో ఇచ్చేస్తే అద్దె కంపెనీలు సాధారణంగా అదనంగా వసూలు చేస్తాయి. దాన్ని వెనక్కి అదే దారిన నడిపి రావడానికయ్యే ఇంధనం, రూమ్ ఖర్చుతో పోల్చుకుని చూడండి. బీమాలో టైర్లు, అద్దాలు, బండి అడుగు భాగం, ఇసుక, గాలి దెబ్బలు కవరవుతాయో లేదో అడగండి. ఈదురుగాలికి తలుపు విసురుగా తెరుచుకుని వెనక్కి విరిగితే చాలా బీమాలు ఇవ్వవు. గాలి ఉన్నచోట బండి ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా ఆపి, తలుపుని చేత్తో పట్టుకునే తెరవండి.

వేరే దేశంలో నడపాలంటే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కావాలో వద్దో కనుక్కోండి. అది మీకు లైసెన్స్ ఇచ్చిన దేశంలోనే, బయల్దేరకముందే తీసుకోవాలి. అక్కడికెళ్లాక తీసుకోవడం కుదరదు.

8. రోడ్డు మూసేస్తే ఏం చేస్తారో ముందే రాసుకోండి

తీరం రోడ్లు మూతపడటం వింతేమీ కాదు. అలలు కింద తొలుస్తుంటాయి, వానలు పైన నానబెడతాయి. 2017 మే నెలలో బిగ్ సర్‌లో మడ్ క్రీక్ దగ్గర కొండచరియ మొత్తం సముద్రంలోకి జారింది. హైవే 1 మళ్లీ తెరుచుకున్నది 2018 జులైలో. దక్షిణాఫ్రికాలో చాప్‌మన్స్ పీక్ రోడ్డుని రాళ్లు పడుతున్నాయని 2000లో మూసేసి, వలలూ పైకప్పులూ కట్టి 2003 ఆఖర్లో తెరిచారు. ఇప్పటికీ వాన, గాలి ఎక్కువైతే మూసేస్తుంటారు.

కాబట్టి బుకింగ్‌కి ముందు ఒకసారి, బయల్దేరే వారంలో ఒకసారి, ఏ రోజుకారోజు పొద్దున ఒకసారి ఆ ప్రాంతపు రోడ్ల శాఖ వెబ్‌సైట్ చూడండి. తీరానికి సమాంతరంగా పోయే లోపలి రోడ్డేదో, ఏయే ఊళ్ల దగ్గర అటు మళ్లొచ్చో ఒక కాగితం మీద రాసి బండిలో పెట్టుకోండి. కొండలు అడ్డంగా ఉన్నచోట ఇటునుంచి అటు మళ్లడానికి యాభై, వంద కిలోమీటర్ల దాకా దారే ఉండకపోవచ్చు. మూసేసిన చోటు దాకా వెళ్లి, చూసి, వచ్చిన దారినే తిరిగి రావడమూ మంచి ప్లానే. అవతలివైపు దారి లేకపోతే బళ్లు తగ్గి రోడ్డు దాదాపు మీదే అవుతుంది.

9. స్టీరింగ్ పట్టుకున్నాక

పెట్రోల్ సగానికి దిగగానే నింపుకోండి. తర్వాతి బంకులో చూద్దాం అనుకుంటే ఆ తర్వాతి బంకు మూసి ఉంటుంది.

మీ వెనక బళ్లు పోగవుతుంటే పక్కకి తీసి దారివ్వండి. సముద్రం చూడటానికొచ్చిన మీకు తొందర లేదు, అక్కడే బతికేవాళ్లకి ఉంటుంది. కాలిఫోర్నియాలో ఇది చట్టం కూడా. రెండు లేన్ల రోడ్డు మీద దాటే వీల్లేక వెనక అయిదు, అంతకంటే ఎక్కువ బళ్లు చేరితే, పక్కకి తీయడానికి వీలున్న మొదటి చోట తీయాలి. స్కాట్లాండ్ ఒంటి లేన్ రోడ్ల మీద కొంచెం దూరానికొకటి వెడల్పు జాగాలుంటాయి. ఎదురు బండి కనపడగానే మీకు దగ్గర్లో ఉన్న జాగా మీ ఎడమ పక్కనైతే అందులోకి వెళ్లి ఆగాలి. కుడి పక్కనైతే దానికి ఎదురుగా రోడ్డు మీదే ఆగాలి, అవతలివాళ్లు అందులోకి తిరిగి దాటిపోతారు. ఎక్కుతున్న బండికి దిగుతున్న బండి దారిస్తే మర్యాద. ఆ జాగాల్లో ఫొటో కోసం బండి పార్క్ చేస్తే రోడ్డు మొత్తం ఆగిపోతుంది.

దిగుడులో బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచొద్దు. కింది గేర్‌లో దింపండి. కాలిన వాసన వస్తే పక్కకి తీసి చల్లారనివ్వండి. వాంతులయ్యేవాళ్లని ముందు సీట్లో కూర్చోబెట్టి, ఫోన్ పక్కన పెట్టి దూరంగా ఉన్న సముద్రపు గీతని చూడమనండి.

తీరంలో నడిపితే ముందు అద్దం మీద ఉప్పు పొర పేరుకుంటుంది. పగలు కనపడదు. సాయంత్రం సూర్యుడికి ఎదురుగా మలుపు తిరగగానే అద్దం మొత్తం పాలపూత పూసినట్టు తెల్లబడి రోడ్డు మాయమవుతుంది. అప్పుడు కంగారుపడి వైపర్ వేస్తే ఉప్పూ ఇసుకా కలిసి ఇంకా అలుముకుపోతాయి, అద్దం మీద గీతలు పడతాయి. రోజూ మధ్యాహ్నం ఆగినచోట సీసాతో మంచినీళ్లు పోసి కడిగి, మెత్తటి గుడ్డతో తుడవండి. లోపలివైపు కూడా తుడవండి, మెరుపు సగం అక్కడిదే.

10. నీళ్ల దగ్గర దిగినప్పుడు

కొండ అంచు కింద ఏముందో పైన నిలబడ్డవాళ్లకి కనపడదు. గ్రేట్ ఓషన్ రోడ్ పక్కన లండన్ బ్రిడ్జ్ అని పిలిచిన రాతి వంతెనలో ఒడ్డుకి కలిసిన భాగం 1990 జనవరిలో ఉన్నట్టుండి కూలిపోయింది. అవతలి ముక్క మీద చిక్కుకున్న ఇద్దర్ని హెలికాప్టర్‌లో తీసుకొచ్చారు. అదే తీరంలోని ట్వెల్వ్ అపాజిల్స్ రాతి స్తంభాల్లో ఒకటి 2005లో కూలింది. కంచె ఉంటే దాటకండి. కంచె లేకపోతే అంచుకి కొన్ని అడుగుల దూరంలోనే ఆగండి.

బీచ్ మీదికి దిగగానే పరిగెత్తకుండా కాసేపు నిలబడి చూడండి. తడిసిన ఇసుక ఎక్కడిదాకా ఉందో అక్కడిదాకా అల వచ్చి వెళ్లిందన్నమాట, ఇప్పుడు వస్తున్న అలలు చిన్నవైనా సరే. ఐస్‌లాండ్‌లో రేనిస్‌ఫ్యారా లాంటి చోట్ల పది అలలు మామూలుగా వచ్చి పదకొండోది మనిషిని లాక్కుపోతుంది. ఫొటో కోసమైనా సముద్రానికి వీపు పెట్టొద్దు.

ఈదడానికి దిగేటప్పుడు, రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతూ మధ్యలో ఒక పట్టీ నున్నగా, ముదురు రంగులో కనిపిస్తే అది అనువైన చోటనుకోకండి. నీళ్లు వెనక్కి పోయే దారి తరచుగా అలాగే ఉంటుంది, రిప్ కరెంట్ అంటారు. అందులో చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదొద్దు, అలిసిపోతారు. తేలుతూ ఉండి, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగడం తగ్గాక ఒడ్డు వైపు తిరగండి. పిల్లలకి ఈ మాట బయల్దేరకముందే చెప్పండి.

సొంత బండైతే ఇంటికి చేరిన మర్నాడే అడుగు భాగం, చక్రాల లోపలివైపు, తలుపుల కింది అంచులు మంచినీళ్లతో ధారగా కడిగించండి. పైన మెరిసేలా తుడిచి కింద వదిలేస్తే తుప్పు పట్టేది అక్కడే. అద్దె బండైతే ఇచ్చేసే ముందు కార్పెట్ కింది ఇసుక దులిపి, నాలుగు వైపులా, టైర్లకి, అద్దాలకి తేదీ కనపడేలా ఫొటోలు తీసి పెట్టుకోండి. డిపాజిట్ వెనక్కి వచ్చేదాకా వాటిని చెరపకండి.